గాలి మాత్రం చెప్పు

ఆ లోయలో నేను గడిపింది ఆరు రోజులు. ఇప్పుడు తలుచుకుంటే ఆరు రోజుల్లా గుర్తుకు రావు. ఒకే పొడవాటి ఉదయంలా ఉంటాయి, మధ్యలో ఎక్కడో ఒక సాయంత్రం ఇరుక్కున్నట్టు.

ముందు అక్క గురించి చెప్పాలి. సొంత అక్క కాదు. రెడ్‌మండ్‌లో మేం వెళ్ళే తెలుగు చర్చిలో ఆవిడ పాటల బృందాన్ని నడిపించేది. అందరూ సిస్టర్ అనేవారు, నేను అక్కా అనేదాన్ని. ఆవిడది నరసాపురం, మాది కాకినాడ. నేను అమెరికా వచ్చిన కొత్తలో, ఎవరూ తెలియని రోజుల్లో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా చేతిలో చేపల పులుసు డబ్బా పెట్టింది. "తిన్నాక డబ్బా తెచ్చివ్వు. ఆ వంకనైనా మా ఇంటికొస్తావు" అంది. వెళ్ళాను. అప్పటినుంచి పన్నెండేళ్ళపాటు వెళుతూనే ఉన్నాను.

ఆవిడ భర్త గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు. ఏడాది తిరిగాక ఒక ఆదివారం చర్చిలో భోజనాల దగ్గర ఆవిడ మామూలుగా, సాంబారు వడ్డించుకుంటూ, ఉద్యోగం మానేశానని చెప్పింది. ఐడహో కొండల్లో నది ఒడ్డున ఒక పాత రాంచ్ ఉందట. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా అక్కడే ఉండి దాన్ని చూసుకోవాలట. గడ్డిమైదానానికి నీళ్ళు పెట్టడం, రెండు కంచరగాడిదల్ని మేపడం, పడవల్లో వచ్చే అతిథులకి వంట చేయడం. అక్కడికి రోడ్డు లేదు. నడిచి వెళ్తే రెండు రోజులు. లేకపోతే వారానికోసారి ఉత్తరాలు తెచ్చే చిన్న విమానం.

ఇరవై ఏళ్ళు కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి గాడిదలు మేపడమేమిటని అందరూ నొచ్చుకున్నారు. దుఃఖంలో ఏదో అయిపోయిందన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

అక్కడినుంచి ఉత్తరాలు రాసేది. నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట. "ఒకసారి రావే. విమానం చిన్నదే గానీ నడిపేవాడు పెద్దవాడు."

నాకు పెద్ద విమానమన్నా భయమే. సియాటెల్‌లో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కీర్తనలు చదువుకుంటాను. అయినా ఆ సెప్టెంబర్‌లో లీవ్ పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆఫీసులో అదే మీటింగ్ మూడోసారి జరుగుతుండగా, కిటికీలోంచి ఒక మేఘం కదలడం చూస్తూ ఉండిపోయాను. మీటింగ్ అయ్యేసరికి లీవ్ అప్లై చేసి ఉంది. నేనే చేశాను.

ఐడహోలోని ఆ చిన్న ఊరికి ముందురోజే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, మోటెల్‌లో పడుకుని, తెల్లవారుతుండగా ఎయిర్‌పోర్ట్‌కి చేరాను. ఎయిర్‌పోర్ట్ అంటే ఒక రేకుల షెడ్డు, దాని పక్కన పొడవాటి తారు పట్టీ. షెడ్డులో ఒక ముసలాయన బస్తాలు తూకం వేస్తున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, చెవిలో మిషన్. ఆయనే పైలట్ అని తెలిసి నా కారు వైపు ఒకసారి వెనక్కి చూశాను.

ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. కానీ నాకెందుకో ఆయన మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

నా సామాన్లు ఒక్కొక్కటే కాటా మీద పెట్టాడు. పది కేజీల సోనామసూరి, ఆవకాయ సీసా, గోంగూర సీసా, కుండీలో కరివేపాకు మొక్క. తర్వాత నావైపు చూశాడు.

"నువ్వెంత?"

"నూట ముప్పై పౌండ్లు."

"కాటా ఎక్కు."

ఎక్కాను. నూట నలభై ఒకటి చూపించింది. ఆయన నవ్వలేదు, కాగితం మీద రాసుకున్నాడు. "అందరూ పది తగ్గించే చెప్తారు. విమానం మాత్రం మొత్తం మోయాలి కదా" అన్నాడు. కరివేపాకు కుండీ దగ్గర వంగి, ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

వెనక సీట్లు తీసేసి ఉత్తరాల సంచులు, కుక్కల దాణా, ఎవరిదో పంపు మోటారు పెట్టి వలతో కట్టాడు. నేను ముందు, ఆయన పక్కన. నేల మమ్మల్ని ఎప్పుడు వదిలిందో నాకు తెలియలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి కింద అడవి, పాత మంటల్లో కాలిపోయి వెండి రంగుకి తిరిగిన చెట్లు, వాటి మధ్య కొత్తగా మొలిచిన పచ్చదనం. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకోటి, నీలంలోంచి బూడిద రంగులోకి, బూడిద రంగులోంచి ఏమీ లేని రంగులోకి పోతున్నాయి. ఎవరో నిద్రలో దుప్పటి ముడుచుకున్నట్టుంది ఆ నేలంతా. నాకు భయపడటం గుర్తుకు రాలేదు.

తర్వాత లోయలోకి దిగాం. రెండు వైపులా రాతి గోడలు. నది ఎక్కడో అడుగున సన్నగా మెరుస్తోంది. ఆయన కుడివైపు గోడని ఆనుకున్నంత దగ్గరగా నడుపుతున్నాడు. రాళ్ళ మధ్య ఒక కొండమేక తలెత్తి చూడటం కూడా కనిపించింది.

"మధ్యలో వెళ్ళొచ్చు కదా?" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మధ్యలో బాగానే ఉంటుంది. వెనక్కి తిరగాల్సి వస్తే సగం లోయే మిగులుతుంది. ఈ పక్కనుంటే మొత్తం లోయ నాది."

ఆయన ఒక్క క్షణం కూడా ముందుకే చూస్తూ ఉండలేదు. నది మీద అలల్ని చూసేవాడు, అవి ఏ వైపు గరుకుగా ఉన్నాయో. ఎవరో వేసుకున్న చలిమంట పొగ చూసేవాడు. చెట్ల ఆకులు ఏ వైపు తిరగబడి తెల్లగా కనిపిస్తున్నాయో చూసేవాడు. "గాలి కనిపించదు. అది ముట్టుకున్నవి కనిపిస్తాయి" అన్నాడు.

అక్క ఉండే రాంచ్ నది మలుపులో ఉంది. పైనుంచి చూస్తే కొండవాలు మీద ఆరేసిన ఆకుపచ్చ తువ్వాలు లాంటి చిన్న ముక్క. అదే రన్‌వే. ఒక చివర నది, ఇంకో చివర కొండ. నదివైపు నుంచి ఎత్తుకి దిగాలి, కొండవైపు నుంచి పల్లానికి లేవాలి. వేరే దారి లేదు. మలుపు దగ్గర గట్టు మీద కాలిపోయిన పైన్ చెట్టొకటి నల్లగా నిలబడి ఉంది.

"ఆ చెట్టు దాటాక వెనక్కి తిరగడానికి చోటుండదు. ఆలోచించేదేదైనా ఉంటే ఈలోపే ఆలోచించుకోవాలి" అన్నాడు.

మైదానం అంచున ఒక గెడకి నారింజ రంగు గుడ్డ వేలాడుతోంది. దాన్ని గుర్తుపట్టాను. అక్క ఈస్టర్ ఆరాధనకి వేసుకునే చుడీదార్ తాలూకు చున్నీ. గాలి దిశ చూపించే సంచి తుఫానులో చిరిగిపోయిందట. కొత్తది వచ్చేదాకా అక్క దాన్ని కట్టింది.

చున్నీ కదలకుండా వేలాడుతోంది. అంతా ప్రశాంతంగా ఉంది. దిగుతున్నాం. చెట్టు దగ్గరపడుతోంది. అంతలో ఆయన ఏ హడావుడీ లేకుండా, పుస్తకంలో పేజీ తిప్పినంత నెమ్మదిగా విమానాన్ని పక్కకి వంచేశాడు. నది నా భుజం మీదకి వచ్చి వెళ్ళిపోయింది.

"ఏమైంది?"

"గాడిద" అన్నాడు.

చూస్తే రన్‌వే మధ్యలో కంచరగాడిద ఒకటి మేస్తోంది. ఇంటిలోంచి ఒక మనిషి స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని పరుగెత్తుతోంది. ఇంజిన్ శబ్దంలో పళ్ళెం మోత వినిపించలేదు గానీ నాకు వినిపించినట్టే ఉంది. అక్క.

రెండోసారి చెట్టు దాటాం. ఎదురుగా కొండ తప్ప ఏమీ లేదు. కొండలోకే వెళ్తున్నామనిపించింది. ఆయన విమానం ముక్కు ఇంకొంచెం పైకెత్తాడు, నేల కూడా మాతోపాటు పైకి లేచింది, చక్రాలు గడ్డిని తాకాయి. ఆగిపోకుండా, ఎత్తు ఎక్కడానికి ఇంజిన్ ఇంకా పెంచి, పైనున్న చదునుదాకా తీసుకెళ్ళి తిప్పి ఆపాడు. అంత నిశ్శబ్దాన్ని నేను ముందెప్పుడూ వినలేదు.

"వచ్చేశావుటే!" అంటూ అక్క వచ్చి తలుపు తీసింది. నల్లబడింది. చేతులు గట్టిపడ్డాయి. ప్యాంటు మోకాళ్ళ దగ్గర మట్టి. నన్ను కాదు, ముందు కరివేపాకు మొక్కని ఎత్తుకుంది.

ఆ రోజంతా ఆవిడ పార పట్టుకుని కాలవ గండ్లు తెరుస్తుంటే, వెనకే నీళ్ళు గడ్డిలోకి పాకడం చూస్తూ తిరిగాను. ఇక్కడ ఒంటరిగా ఉండదా అని అడిగాను. "అక్కడుండేది. ఇక్కడ పనుంటది" అంది. మధ్యాహ్నం అన్నంలో గోంగూర కలుపుకుని మెట్ల మీద కూర్చుని తిన్నాం. ఏదో గొణుగుతోందనుకున్నాను. కాదు, పాడుతోంది. భర్త పోయాక చర్చిలో ఆవిడ గొంతు వినలేదు నేను.

మర్నాడు మధ్యాహ్నం అది జరిగింది.

అక్క పెద్ద కంచరగాడిదని తాడు పట్టుకుని నీళ్ళ తొట్టి దగ్గరికి నడిపిస్తోంది. తాడు జారకుండా ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుంది. అలా చుట్టకూడదని ఆవిడకి తెలుసు, తర్వాత ఆవిడే చెప్పింది. గడ్డిమోపు మీద కప్పిన టార్పాలిన్ గాలికి లేచి ఫట్‌మంది. గాడిద ఒక్కసారిగా గుంజుకుని పరుగెత్తింది. అక్క పది అడుగులు దాని వెనక ఈడ్చుకుపోయింది. తాడు ఊడింది. నేను చేరేసరికి ఆవిడ కూర్చుని ఉంది. ఎడమచెయ్యి మోచేతికీ మణికట్టుకీ మధ్య వంగకూడని చోట వంగి ఉంది.

"కేకలెయ్యకే. దానికి భయం" అంది, గాడిద గురించి.

పొయ్యి పక్కనున్న చెక్కపేళ్ళు రెండు పెట్టి, దుప్పటి చింపి కట్టాను. చెయ్యి పొంగిపోతోంది. పెళ్ళి ఉంగరం వేలిలోకి దిగిపోతోంది. సబ్బు రాస్తే రాలేదు. ఆవకాయ సీసా మూత తీసి, పైన తేలే నూనె వేలికి పోసి, అటూ ఇటూ తిప్పి లాగాను. వచ్చింది. దాన్ని రుమాలు కొసకి ముడి వేయించుకుని, కుడిచేత్తో తడిమి చూసుకుని జేబులో పెట్టించుకుంది. అప్పుడే ఒకసారి కళ్ళు తుడుచుకుంది. కారం వాసనకేమో.

శాటిలైట్ ఫోన్‌లో ఎమర్జెన్సీకి చేశాను. హెలికాప్టర్ అడవి మంటల దగ్గరుంది, రేపు ఉదయానికి గానీ రాదన్నారు. పైలట్‌కి చేశాను.

"వేళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" అని అడిగాడు.

"తెల్లగా. చల్లగా ఉన్నాయి. ముట్టుకుంటే తెలియడం లేదంటోంది."

"రేపటిదాకా ఆగడం మంచిది కాదు. ఈ వేళప్పుడు ఆ లోయలో గాలి పొగరుగా ఉంటుంది. పొద్దు వాలాక వస్తాను. చిన్న విమానాన్ని తెస్తాను, అది నెమ్మదిగా దిగుతుంది. చేతి రేడియో తీసుకుని చున్నీ కనిపించే చోట నిలబడు."

ఆరింటికి లోయ సగం నీడలో ఉంది. పైనున్న రాళ్ళు మాత్రం ఇంకా ఎండలో రాగి రంగులో మండుతున్నాయి. అక్కని గడ్డి అంచున చెట్టు మొదట్లో కూర్చోబెట్టాను. చున్నీ బారుగా సాగి కొట్టుకుంటోంది, మళ్ళీ వాలుతోంది, మళ్ళీ లేస్తోంది. శబ్దం ముందు వచ్చింది. తర్వాత పసుపు రంగు చిన్న విమానం, గోడ వెంబడే, ఆకు కొట్టుకొచ్చినట్టు.

"చున్నీ ఎలా ఉంది?" రేడియోలో ఆయన గొంతు వంటింట్లో కూర్చుని అడిగినట్టుంది.

"అడ్డంగా ఉంది. నా ఎడమవైపుకి. వాలిపోయింది. లేచింది."

"వాలినప్పుడు ఎంతసేపు వాలి ఉంటోంది? బటన్ నొక్కి పట్టుకుని లెక్కపెట్టు."

ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే లెక్కపెట్టాను. ఎనిమిది దాకా వచ్చేసరికి లేచింది. మళ్ళీ వాలింది. పదమూడు. మళ్ళీ. పదకొండు.

"వచ్చేయొచ్చు, ఇప్పుడు తగ్గింది, వచ్చేయండి!" అని అరిచాను.

"రమ్మని చెప్పకు" అన్నాడు ఆయన. కోపం లేదు ఆ గొంతులో. "రావాలో వద్దో నేను చూసుకుంటాను. ఆ బరువు నీది కాదు. నువ్వు గాలి మాత్రం చెప్పు."

నా జీవితంలో నాతో అంత దయగా ఎవరూ మాట్లాడలేదనిపించింది. గుండె దడ తగ్గలేదు గానీ దాని పక్కన కొంచెం చోటు ఏర్పడింది. ఆ చోటులో నిలబడి చున్నీని చూశాను. ఇంకేమీ చూడలేదు.

మొదటిసారి చెట్టు దాకా వచ్చి తిరిగిపోయాడు. చున్నీ వాలే ఉంది. ఎందుకు తిరిగాడో నాకు అర్థం కాలేదు. అక్క నావైపు చూసింది. ఎండ పై రాళ్ళ మీంచి కూడా పోతోంది.

"మళ్ళీ లెక్కపెట్టు" అంది రేడియో.

పద్నాలుగు. పదహారు. ఇరవై. నా గొంతు ఎవరిదో అయిపోయింది. ఇరవై రెండు, ఇరవై మూడు అంటుండగా పసుపు విమానం చెట్టు దాటింది. దాటడం చూసినా నేను లెక్క ఆపలేదు. ముప్పై ఒకటి దగ్గర చక్రాలు గడ్డిని తాకాయి. ముప్పై నాలుగు దగ్గర చున్నీ లేచి ఫటఫటలాడింది. అప్పటికి ఆయన ఎత్తు ఎక్కుతున్నాడు.

దిగి వచ్చి, టోపీ తీసి, అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె వేళ్ళు తన వేళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "నీ ఫ్రెండ్ అంకెలు నాకు అర్థం కాలేదు. ఎంతసేపు సాగాయో మాత్రం బాగా అర్థమైంది" అన్నాడు ఆమెతో.

ఆ విమానంలో ఆయన వెనక ఒక్కరికే చోటు. నేను ఉండిపోవాలని అప్పుడు తెలిసింది. అక్క ఎక్కుతూ వెనక్కి తిరిగి, "పై గండి మూసెయ్యి పిల్లా. లేకపోతే తెల్లారేసరికి ఇల్లు తేలిపోద్ది" అంది.

పల్లానికి, నదివైపు పరుగు తీశారు. గడ్డి అయిపోయిన చోట విమానం నేలని వదిలి, నీళ్ళదాకా జారినట్టు జారి, తర్వాత లేచింది. శబ్దం చాలాసేపు గోడల మధ్య తిరిగి తిరిగి పోయింది. గండి మూసేసి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్‌లో ఆయన చెప్పాడు. ఊరినుంచి అంబులెన్స్‌లో అక్కని బోయిజీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు, ఆపరేషన్ అయింది, వేళ్ళలోకి రక్తం వచ్చింది. కానీ మంటల పొగ లోయలోకి దిగింది, అది తేలేదాకా ఎవరూ రాలేరు.

అలా మూడు రోజులు ఒంటరిగా ఉన్నాను. పొగలో సూర్యుడు గులాబీ రంగులో, చూపు నిలిపి చూడగలిగేలా ఉండేవాడు. అవతలి కొండ పోయింది. తర్వాత నది పోయింది, దాని చప్పుడు మాత్రం మిగిలింది. గాడిదలు పొగలోంచి ముందు చెవులుగా, తర్వాత తలలుగా, తర్వాత పూర్తిగా వచ్చేవి. పెద్దది నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడేది. దాని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. పార పట్టుకుని రన్‌వే మీద అటూ ఇటూ నడిచేదాన్ని. ఉడతలు తవ్విన బొరియలు పూడ్చేదాన్ని, రాళ్ళు ఏరేదాన్ని. ఒక చక్రం ఇక్కడ పడుతుంది, ఒక చక్రం అక్కడ, అనుకుంటూ. ఆఫీసు గుర్తొచ్చినప్పుడు ఎవరో చెప్పిన కథలా గుర్తొచ్చేది. రాత్రి ఎనిమిదిన్నరకే పడుకుని, కలలు లేకుండా నిద్రపోయేదాన్ని. కలలన్నీ పగలే అయిపోయేవి మరి.

సోమవారం పొగ తేలింది. ఉత్తరాల విమానంలో నది కిందివైపు రాంచ్ నుంచి ఒక జంటని తీసుకొచ్చాడాయన, అక్టోబర్ దాకా చూసుకోవడానికి. వాళ్ళకి గండ్లు ఎలా తెరవాలో నేనే చూపించాను. నాకే నవ్వొచ్చింది.

తిరుగు ప్రయాణంలో అడిగాను. "ఆరోజు మొదటిసారి ఎందుకు తిరిగిపోయారు? చున్నీ వాలే ఉంది కదా."

"నీ దగ్గర వాలింది. చెట్టు దగ్గర నా రెక్క కింద ఇంకా దొర్లుతోంది."

"రెండోసారీ కుదరకపోయుంటే?"

"ఇంటికెళ్ళి భోంచేసేవాణ్ణి. రాత్రంతా పడుకోకుండా కూర్చునేవాణ్ణి." కొంతసేపు నదిని చూశాడు. "చాలా ఏళ్ళ క్రితం ఇంకో చోట అలా తిరిగెళ్ళిపోయాను. కింద గుండెనొప్పితో ఒకతను. మర్నాడు గాలి ఆగాక దిగేసరికి లేడు. ఆరోజు దిగి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. అది నాకు తెలుసు. అతని భార్య కూడా అదే అంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ నాకు నేను చెప్పుకోవాల్సి వస్తుంది."

కింద చెట్ల నీడలు కొండల మీద పొడుగ్గా పడుకుని ఉన్నాయి.

ఊళ్ళో దిగాక, బోయిజీలో అక్కని చూసి ఇంటికెళ్తానని చెప్పాను. ఆయన టోపీ చేతిలో తిప్పుతూ, "నన్ను కూడా తీసుకెళ్తావా? మళ్ళీ ఇక్కడ దింపాలి. నీకు చుట్టూ తిరగాల్సి వస్తుంది" అన్నాడు.

"మీకు కార్ లేదా?"

"ఉంది. ఆ ఊళ్ళో డ్రైవ్ చేయాలంటే నాకు భయం."

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఫ్రీవే ఎక్కగానే ఆయన తలుపు పైనున్న పిడి గట్టిగా పట్టుకున్నాడు. పెద్ద ట్రక్ పక్కనుంచి పోయినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడు. "వీళ్ళెవరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు" అన్నాడు ఒకసారి, చిన్నగా. నేను రోజూ ఆఫీస్‌కి వెళ్ళినట్టే, ఒక చేత్తో నడుపుతున్నాను. అది గమనించి రెండో చెయ్యి కూడా స్టీరింగ్ మీద పెట్టాను.

అక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. చెయ్యి కట్టుతో దుంగలా ఉంది. మమ్మల్ని చూడగానే, "గాడిదలెలా ఉన్నాయే?" అంది. ఆయన గుమ్మం దగ్గరే టోపీ తీసి నిలబడిపోతే, "లోపలికి రండి, ఇక్కడ గాలి లేదు" అని ఇంగ్లీషులో పిలిచి, తన ట్రేలో ఉన్న ఎర్రటి జెల్లీ కప్పు ఆయన చేతిలో పెట్టింది. ఆయన బుద్ధిగా కూర్చుని మొత్తం తినేశాడు. వాళ్ళిద్దరూ నీళ్ళ పంపు గురించి మాట్లాడుకుంటుంటే నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. పార్కింగ్‌లో కార్లు ఎండకి మెరుస్తున్నాయి. నాకు అవన్నీ చాలా పెద్దగా, చాలా దగ్గరగా కనిపించాయి.

డాక్టర్ ఆ చెయ్యి ఆర్నెల్లకి గానీ పనికిరాదన్నాడు. చలికాలమంతా అక్క మా ఇంట్లోనే ఉంది. రబ్బరు బంతి నొక్కుతూ, సాయంత్రాలు పాడుకుంటూ. ఉంగరపు వేలు పూర్తిగా ముడుచుకోదు ఇప్పటికీ. ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళింది. వద్దని ఎవరూ అనలేదు. ఏటా సెప్టెంబర్‌లో నేనూ వెళ్తున్నాను. ఇప్పుడు ఆ విమానం నడిపేది ఆయన దగ్గర నేర్చుకున్న ఒకామె. ఆయన తనంతట తానే మానేశాడు. ఎవరూ అడగకముందే.

ఆరోజు హాస్పిటల్ నుంచి తిరిగి ఆయన్ని దింపడానికి వెళ్తుంటే పొద్దు వాలుతోంది. ఊరు దాటి, కార్లు పల్చబడి, రోడ్డు నది పక్కకి వచ్చేసరికి ఆయన చెయ్యి పిడి మీంచి జారి ఒళ్ళో పడింది. నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లాడిలా. నేను స్పీడ్ తగ్గించాను. మలుపుల్లో తల అద్దానికి కొట్టుకోకుండా నెమ్మదిగా తిప్పుతున్నాను. నీళ్ళు మాతోపాటే వస్తున్నాయి, గులాబీ రంగులో, తర్వాత నీలంగా.

ఒక చోట ఆయన కళ్ళు తెరవకుండానే అడిగాడు. "ఎంత ఎత్తులో ఉన్నాం?"

"రోడ్డు మీదే ఉన్నామండీ" అన్నాను.

"మంచిది" అని, అటు తిరిగి మళ్ళీ పడుకున్నాడు.